అయాన్ల ముక్కల పెట్టె రివ్యూ: అసలు సరుకు అడుగు అరలో ఉంది

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. అందులో సగానికి పైగా మార్కులు పెట్టె అడుగు అరలో ఉన్నవాటికే. అవేంటో కాసేపట్లో చెప్తా. ఇది ఎలాంటి సరుకంటే కొన్నవాళ్ళు చాలామంది ఆ అర దాకా వెళ్ళకుండానే "పిల్లలు కాసేపు ఆడి పక్కన పడేశారండీ" అనేసి వదిలేస్తారు.

సెట్టు సంగతి ఏంటంటే, అయానిక్ కాంపౌండ్లకి (ప్లస్, మైనస్ చార్జ్ ఉన్న అయాన్లు కలిసి తయారయ్యేవాటికి) పేర్లు పెట్టడం నేర్పించే గట్టి అట్టముక్కలు, ముఖ్యంగా ఐరన్, కాపర్ లాంటి ట్రాన్సిషన్ మెటల్స్ ఉన్నవాటికి. సోడియం క్లోరైడ్, కాల్షియం ఆక్సైడ్ లాంటివాటికి పేరు పెట్టడంలో కష్టమేం లేదు, ముందు మెటల్ పేరు, వెనక ఆనయాన్ (మైనస్ చార్జ్ ఉన్న అయాన్) పేరు, అయిపోయింది. సోడియం చార్జ్ ఎక్కడికెళ్ళినా ప్లస్ ఒకటే, కాల్షియం ఎక్కడికెళ్ళినా ప్లస్ రెండే. ఐరన్ దగ్గరికొచ్చేసరికి అసలు గొడవ మొదలవుతుంది, ఒకచోట ప్లస్ రెండు, ఇంకోచోట ప్లస్ మూడు, క్లోరిన్‌తో కలిసి ఎఫ్ఈసీఎల్2 అవుతుంది, ఎఫ్ఈసీఎల్3 కూడా అవుతుంది, రెండింటినీ ఐరన్ క్లోరైడ్ అంటే ఏది కావాలో ఎవడికి తెలుస్తుంది? సర్క్యూట్ బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించడానికి వాడేది రెండోది, మొదటిది తెచ్చి పోస్తే రాగి అలాగే కూర్చుంటుంది. అందుకే పేరు మధ్యలో బ్రాకెట్లో రోమన్ అంకె పెట్టి ఐరన్ టూ క్లోరైడ్, ఐరన్ త్రీ క్లోరైడ్ అంటారు. ఆ అంకె మెటల్ మీదున్న చార్జ్, ఎన్ని పరమాణువులున్నాయన్న లెక్క కాదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే ఈ చాప్టర్‌లో ముప్పాతిక వంతు అయిపోయినట్టే, ఎక్కకపోతే మాత్రం ఎన్ని వర్క్‌షీట్లు నింపినా అంతే సంగతులు.

పెట్టె తెరవగానే పైన అరలో రంగురంగుల ముక్కలుంటాయి. మెటల్ ముక్కకి చార్జ్ ఎంతుంటే అన్ని పళ్ళు, ఆనయాన్ ముక్కకి అన్ని గాట్లు. ప్లస్ మూడు ఐరన్‌కి మూడు పళ్ళు, ఆక్సైడ్‌కి రెండు గాట్లు, ఒక్కోటి తీసుకుని కలిపితే ఒక పన్ను బయటికి పొడుచుకొస్తుంది, రెండు ఐరన్లూ మూడు ఆక్సైడ్లూ పెడితే అంచులు సమానంగా కూర్చుంటాయి. చూడ్డానికి భలే ఉంది, ఒప్పుకోవాలి. అట్ట మందంగా ఉంది, కోత శుభ్రంగా ఉంది, పళ్ళు గాట్లలో వదులు లేకుండా కూర్చుంటున్నాయి. నైట్రేట్, సల్ఫేట్, కార్బొనేట్, హైడ్రాక్సైడ్, ఫాస్ఫేట్ కూడా విడివిడి ముక్కలుగా ఇచ్చారు, రెండు నైట్రేట్లు పెట్టాల్సొచ్చినప్పుడు ఫార్ములాలో బ్రాకెట్ ఎందుకొస్తుందో పిల్లలకి నోటితో చెప్పక్కర్లేదు, ముక్క మొత్తం రెండోసారి పెడుతున్నాం కదా అని వాళ్ళకే అర్థమవుతుంది.

మరి ఇంత బాగుంటే మూడున్నరే ఎందుకంటే, పై అర ముక్కలు ఫార్ములా రాయడం నేర్పిస్తాయి, పేరు పెట్టడం నేర్పించవు. మెటల్ ముక్క మీద చార్జ్ అచ్చేసి పెట్టారు, వెనక్కి తిప్పితే ఐరన్ పక్కన రోమన్ మూడు వేసిన పేరు కూడా ఉంటుంది. పిల్లలు ముక్క తిప్పి చదివేస్తున్నారు. పరీక్షలో గానీ ల్యాబ్‌లో సీసా మీద గానీ కనపడేది ఫార్ములా, దాని మీద మెటల్ చార్జ్ రాసుండదు, దాన్ని కనిపెట్టడమే అసలు పని. జవాబు ముక్క మీదే అచ్చేసి ఇచ్చాక ఇక కనిపెట్టేదేముంది?

ఇప్పుడు అడుగు అర. పై ట్రే ఎత్తితే కింద పళ్ళు లేని మెటల్ ముక్కలుంటాయి, బూడిదరంగువి, సింబల్ తప్ప ఇంకేం లేదు. ఒక్కోదానికి పక్కన చిన్న ఖాళీ గడి, ఆ గడిలో పెట్టుకోడానికి ఒకటి నుంచి ఏడు దాకా రోమన్ అంకెల బిళ్ళలు. దీంతోపాటు ఫార్ములా కార్డుల కట్ట. కార్డు తీస్తాం, అందులో ఉన్నట్టు ఆనయాన్ ముక్కలు పేరుస్తాం, పైన ఖాళీ మెటల్ ముక్కలు పెడతాం, కింద మైనస్ మొత్తం ఎంతయిందో లెక్కేసి, దాన్ని పైనున్న మెటల్స్‌కి సమానంగా పంచుతాం, వచ్చిన అంకె బిళ్ళ గడిలో పెడతాం. నాకు తెలిసి దీనికి మించిన పద్ధతి లేదు, ఎందుకంటే ఇందులో ఎప్పుడూ ఆనయాన్ నుంచే మొదలెట్టాలి. ఆక్సైడ్ మైనస్ రెండు, క్లోరైడ్ మైనస్ ఒకటి, సల్ఫేట్ మైనస్ రెండు, ఇవి మాటిమాటికీ మారవు. మాట మార్చేది మెటలే కాబట్టి, మాట మీద నిలబడేవాణ్ణి పట్టుకుని రెండోవాడి సంగతి తేల్చాలి.

ఒకటి చేసి చూపిస్తా. ఎఫ్ఈ2ఓ3 కార్డు వచ్చిందనుకోండి. మూడు ఆక్సైడ్ ముక్కలు కింద పెట్టండి, మైనస్ ఆరు. పైన రెండు ఖాళీ ఐరన్లు, ఆరుని ఇద్దరికి పంచితే తలా మూడు. ఐరన్ త్రీ ఆక్సైడ్. దీన్ని మామూలుగా చెప్పే అడ్డదారిలో, అంటే కింద రాసిన చిన్న అంకెల్ని అటూ ఇటూ దాటించి చార్జ్ చదివేసే పద్ధతిలో చేసినా మూడే వస్తుంది, అందుకే చాలామంది ఆ అడ్డదారి సరైనదే అనుకుంటారు. ఇప్పుడు ఎంఎన్ఓ2 కార్డు తీయండి. అడ్డదారిలో వెళ్తే ఆక్సిజన్ కింద రెండుంది కాబట్టి మాంగనీస్ టూ అంటారు, తప్పు. ముక్కలతో చేస్తే రెండు ఆక్సైడ్లు, మైనస్ నాలుగు, మాంగనీస్ ఒక్కటే, నాలుగూ దాని నెత్తినే. మాంగనీస్ ఫోర్ ఆక్సైడ్, పాత బ్యాటరీ సెల్స్‌లో ఉండే నల్లపొడి ఇదే. ఫార్ములా రాసేటప్పుడు రెండు, నాలుగుని ఒకటి, రెండుగా కుదించేస్తాం కదా, కుదించినదాన్ని వెనక్కి దాటిస్తే అసలు అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? టైటానియం డయాక్సైడ్ అని రంగుల డబ్బాల మీద చూస్తామే, అది కూడా ఇంతే, టైటానియం ఫోర్ ఆక్సైడ్. క్రోమియం ఒకటి ఆక్సిజన్లు మూడు ఉంటే క్రోమియం సిక్స్. సీయూఓలో చిన్న అంకెలే లేవు, అడ్డదారిగాడు కాపర్ వన్ అంటాడు, నిజానికి కాపర్ టూ.

ఇంత మంచి ఏర్పాటు అడుగున పెట్టుకుని, రూల్స్ బుక్కులో మాత్రం ఏం రాశారో తెలుసా? "త్వరగా జవాబు కావాలంటే అంకెల్ని అడ్డంగా దాటించండి" అని, దానికో రంగుల బాణం బొమ్మ కూడా. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ముక్కలు తయారుచేసినవాళ్ళూ పుస్తకం రాసినవాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదేమో. ఆ పేజీ చింపేయమని చెప్పను గానీ పిల్లలకి ఇచ్చేముందు క్లిప్పు పెట్టి మూసేయండి.

ఇంకో సంగతి, ముక్కలతో కూర్చుంటేనే బయటపడేది. సీయూఎస్ఓ4 (కాపర్ సల్ఫేట్) కార్డు తీసినప్పుడు సగంమంది పిల్లలు రోమన్ నాలుగు బిళ్ళ కోసం వెతుకుతారు, ఎందుకురా అంటే సల్ఫేట్ దగ్గర నాలుగుంది కదా అంటారు. ఆ నాలుగు సల్ఫేట్ లోపలి ఆక్సిజన్ల లెక్క, దాని ఇంటి గొడవ, మనకి అనవసరం. సల్ఫేట్ ముక్క గాట్లు చూపించి ఎన్నున్నాయో లెక్కపెట్టమంటే రెండని చూసుకుని వాళ్ళంతట వాళ్ళే బిళ్ళ మార్చేస్తారు. ఇక్కడ మాత్రం ఈ సెట్టుకి చేతులెత్తి దండం పెట్టొచ్చు, బోర్డు మీద గొంతు చించుకుని చెప్పినా ఎక్కని విషయం ఇది.

మా అన్నయ్య కూతురు తొమ్మిదో క్లాసు, దానికి పేర్ల కార్డుల వెనకాల చిన్నక్షరాల్లో వేసిన పాత పేర్లు నచ్చాయి, ఫెర్రస్, ఫెర్రిక్, క్యుప్రస్, క్యుప్రిక్ అని. చదువుకుంటూ చదువుకుంటూ ఆగిపోయి అడిగింది.

"బాబాయ్, ఫెర్రస్ అంటే రెండు కదా, మరి క్యుప్రస్ కూడా రెండే అవ్వాలిగా?"

"కాదమ్మా, క్యుప్రస్ ఒకటి. క్యుప్రిక్ రెండు."

"అంటే ఫెర్రస్సూ క్యుప్రిక్కూ ఒకటే అంకెనా? ఇదేం పద్ధతి!"

నిజమే, ఇదేం పద్ధతి. అస్ అంటే ఆ మెటల్‌కి ఉన్న రెండింట్లో తక్కువది, ఇక్ అంటే ఎక్కువది, అంతేగానీ ఎంత అన్నది ఆ పేరు చెప్పదు. మెర్క్యురస్ ఒకటి మెర్క్యురిక్ రెండు, స్టానస్ రెండు స్టానిక్ నాలుగు, ఆరస్ ఒకటి ఆరిక్ మూడు, మెటల్ మెటల్‌కీ విడిగా బట్టీ పట్టాల్సిందే. పైగా మాంగనీస్ లాంటిది రెండు నుంచి ఏడు దాకా రకరకాల అవతారాలెత్తుతుంది, రెండే తోకలతో దానికి ఎన్ని పేర్లు పెడతాం? 1919లో ఆల్ఫ్రెడ్ స్టాక్ అనే జర్మన్ కెమిస్టు ఈ తోకల గొడవ వదిలేసి అంకె నేరుగా రాసేద్దాం అన్నాడు, అందుకే దీన్ని స్టాక్ పద్ధతి అంటారు. ఈ స్టాక్‌కి ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పాదరసం ఆవిరి పీల్చి ఒళ్ళు గుల్లయింది, ఆ ఆవిరి ఎంత ప్రమాదమో 1926లో తనే పేపర్ రాసి అందరినీ హెచ్చరించాడు. రూల్స్ బుక్కులో ఆయన పేరు ఒక్క లైన్లో వచ్చి పోతుంది, బాణం బొమ్మకిచ్చిన చోటులో సగం ఆయనకిచ్చినా బాగుండేది. అలాగని పాత పేర్లు అక్కర్లేదనను, ఐరన్ మాత్రల అట్ట మీద ఇప్పటికీ ఫెర్రస్ సల్ఫేట్ అనే ఉంటుంది, టూత్‌పేస్ట్ ట్యూబ్ మీద స్టానస్ ఫ్లోరైడ్ అని ఉంటుంది, చదవడం వచ్చుండాలి. కార్డుల వెనక వాటిని చిన్నగా వేసి వదిలేయడం సరైన పనే.

పాదరసం (మెర్క్యురీ) మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ సెట్టులో నాకు అన్నిటికన్నా చికాకు తెప్పించిన ముక్క అదే. మెర్క్యురీ వన్ అని ఒక్క పన్నున్న ముక్క ఇచ్చారు. దానికి ఒక క్లోరైడ్ తగిలిస్తే చక్కగా కూర్చుంటుంది, హెచ్జీసీఎల్ అని ఫార్ములా వస్తుంది, అలా రాస్తే మార్కు పోతుంది. మెర్క్యురీ వన్ ఎప్పుడూ జంటగానే తిరుగుతుంది, రెండు పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇద్దరికీ కలిపి ప్లస్ రెండు, కాబట్టి ఫార్ములా హెచ్జీ2సీఎల్2, దాన్ని కుదించకూడదు. రెండు పళ్ళున్న జోడీ ముక్క ఒకటి కోసిస్తే సరిపోయేది. ఇదేదో గీతలు లెక్కపెట్టే పట్టింపు అనుకోకండి, హెచ్జీ2సీఎల్2 అంటే కాలొమెల్, ఒకప్పుడు దాన్ని మందుగా మింగించేవాళ్ళు, అదీ ఏం మంచిది కాదనుకోండి, మెర్క్యురీ టూ క్లోరైడ్ మాత్రం నీళ్ళలో బాగా కరిగే ఘోరమైన విషం. పేరులో ఒక అంకె తేడా అంటే ఇదీ.

ఎఫ్ఈ3ఓ4 కార్డు కూడా కట్టలో ఉంది, కావాలని పెట్టారో పొరపాటున పడిందో గానీ నాకైతే బాగా నచ్చింది. నాలుగు ఆక్సైడ్లు, మైనస్ ఎనిమిది, ముగ్గురు ఐరన్లకి పంచాలి, పంచలేం. పిల్లలు బిళ్ళలు అటూ ఇటూ మార్చి మార్చి చివరికి కార్డు తప్పంటారు. అందరికీ సమానంగా రాకపోతే ఏం చేస్తాం అని అడిగి ఊరుకోండి, కాసేపటికి ఎవరో ఒకరు ఒకదానికి రెండు, రెండింటికి మూడు మూడు పెట్టేస్తారు, రెండూ ఆరూ ఎనిమిది. మ్యాగ్నెటైట్ ఖనిజం ఇదే, అయస్కాంతానికి అతుక్కునే నల్లరాయి, పేరు ఐరన్ టూ త్రీ ఆక్సైడ్, బ్రాకెట్లో రెండు అంకెలూ మధ్యలో కామాతో రాస్తారు. జవాబు కార్డులో ఆ పేరొక్కటే ఉంది, ఎందుకలా అన్నది లేదు. పెద్దవాళ్ళెవరూ పక్కన లేకపోతే ఆ కార్డు దగ్గర పిల్లలు ఆట ఆపేసే ప్రమాదముంది.

ఇక తప్పులు. సీయూ2ఓ కార్డు జవాబులో రోమన్ రెండు అచ్చేశారు. కాపర్ వన్ ఆక్సైడ్ అండీ అది, ఎర్రగా ఉంటుంది, కాపర్ టూ ఆక్సైడ్ నలుపు. రాగి కింద చిన్న రెండు చూసి అదే చార్జ్ అనేసుకున్నారు, ఏ పొరపాటు మాన్పించడానికి ఈ సెట్టు చేశారో అదే పొరపాటు చేసి అచ్చేసి అమ్ముతున్నారు. అమ్మినవాళ్ళకి ఫొటో తీసి పంపితే "మీ సలహాకి ధన్యవాదాలు" అని వచ్చింది. సలహా ఏంటండీ, తప్పు చూపిస్తుంటే! పెన్నుతో కొట్టేసి సరిచేశాను. మీరు కొంటే ముందు ఆ కార్డు వెతకండి.

బిళ్ళల్లో ఒక ఇబ్బంది. రోమన్‌లో నాలుగుకీ ఆరుకీ గీతా కొక్కెమూ ఒకటే, గీత ఎడమవైపుంటే నాలుగు, కుడివైపుంటే ఆరు. గుండ్రటి బిళ్ళ మీద ఏది పై వైపో గుర్తు లేకుండా అచ్చేస్తే తలకిందులుగా పెట్టినప్పుడు చిన్నపిల్లలు తికమకపడతారు, కింద ఒక అడ్డగీత గీస్తే పోయేది. నేను స్కెచ్ పెన్నుతో గీసుకున్నా.

పెట్టె మూత మీద పెద్దక్షరాల్లో "ట్రాన్సిషన్ మెటల్ అయితే రోమన్ అంకె పెట్టాలి" అని స్లోగన్ లాగా వేశారు, అదీ సగం నిజమే. జింక్ పీరియాడిక్ టేబుల్‌లో ట్రాన్సిషన్ మెటల్స్ ఉండే డీ బ్లాకులోనే ఉంటుంది, కానీ కాంపౌండ్లలో ప్లస్ రెండుగానే దొరుకుతుంది కాబట్టి జింక్ క్లోరైడ్ అంటే చాలు, అంకె అక్కర్లేదు. సిల్వర్ మామూలుగా ప్లస్ ఒకటే, సిల్వర్ నైట్రేట్ అంటాం, కాడ్మియం ప్లస్ రెండు, అంకె లేదు. అటుపక్క తగరం, సీసం అసలు ట్రాన్సిషన్ మెటల్సే కావు, అయినా ప్లస్ రెండూ ప్లస్ నాలుగూ చూపిస్తాయి కాబట్టి టిన్ ఫోర్ ఆక్సైడ్, లెడ్ టూ నైట్రేట్ అని అంకె పెట్టి తీరాలి. మెటల్ ఏ బ్లాకుదన్నది కాదు, ఒకటికన్నా ఎక్కువ చార్జ్‌లు ఉన్నాయా లేదా అన్నదే చూడాలి. తమాషా ఏంటంటే లోపల ముక్కలు సరిగ్గానే ఉన్నాయి, జింక్ వెనక అంకె లేదు, టిన్ వెనక ఉంది. మళ్ళీ అదే కథ, ముక్కలు చేసిన చెయ్యి వేరు, రాసిన చెయ్యి వేరు.

లేనివాటిలో నాకు లోటనిపించింది పర్మాంగనేట్, డైక్రోమేట్ ముక్కలు. మెటల్ వెళ్ళి ఆనయాన్‌లో దూరిన కేసులివి. కేఎంఎన్ఓ4 చూడగానే మాంగనీస్ ఉంది కదా అని పిల్లలు పొటాషియం పక్కన అంకె పెట్టబోతారు. పొటాషియం ఎప్పుడూ ప్లస్ ఒకటే, దానికేం అక్కర్లేదు, పొటాషియం పర్మాంగనేట్ అంటే అయిపోయింది, అంకెతోనే చెప్పాలంటే పొటాషియం మాంగనేట్ సెవెన్. నాలుగు ఆక్సిజన్లు మైనస్ ఎనిమిది, అయాన్ మొత్తానికి మైనస్ ఒకటి మిగలాలి, కాబట్టి మాంగనీస్ ఏడు. రోమన్ ఏడు బిళ్ళ ఇచ్చారు కానీ దాన్ని వాడే కార్డు ఒక్కటీ లేదు, ఎందుకిచ్చారో మరి!

ఎవరికి పనికొస్తుందంటే, వేలెన్సీలు కాస్తో కూస్తో వచ్చి, సల్ఫేట్‌కీ సల్ఫైడ్‌కీ సల్ఫైట్‌కీ తేడా తెలిసిన పిల్లలకి. ఆనయాన్ల పేర్లే ఇంకా రానివాళ్ళకి ఇది కొనిస్తే ముక్కలతో ఇళ్ళు కట్టుకుంటారు. ఇంటర్ చదివేవాళ్ళకి సరిపోదు, కాంప్లెక్స్ కాంపౌండ్లు అసలు లేవు. ట్యూషన్ చెప్పేవాళ్ళకి మాత్రం ధైర్యంగా కొనమంటా, ఒక్క షరతు మీద, మొదటి క్లాసుల్లో ఫార్ములాలు కట్టించడం అయ్యాక పై ట్రే తీసి దాచేయండి.

ఖాళీ మెటల్ ముక్కలు మరీ పిసినారితనంగా ఇచ్చారు, కోబాల్ట్ టూ ఫాస్ఫేట్ కార్డుకి మూడు కోబాల్ట్‌లు కావాలి, ఉన్నవి రెండే. పాత నోటుబుక్కు అట్ట అదే సైజుకి కోసుకుని, సింబల్ పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో వద్దు, చెరిపి ఇంకో మెటల్‌కి వాడుకోవచ్చు. ఆ కార్డులో రెండు ఫాస్ఫేట్లు, మైనస్ ఆరు, ముగ్గురు కోబాల్ట్‌లకి పంచితే తలా రెండు, బిళ్ళలు మాత్రం సరిపడా ఉన్నాయి.